ఆపరేషన్ ఎవరు చేయించుకోవాలి?

ఈ టపా రాయాలా వద్దా అని చాన్నాళ్ళు తటపటాయించాను. "ఇవన్నీ బయట రాస్తావా? మీ అమ్మగారు కూడా చదువుతారు" అని మా ఆవిడ ముందే హెచ్చరించింది. చదివితే చదవనీ, చదవాల్సిన వాళ్ళలో ఆవిడ కూడా ఉంది అని చివరికి మొదలుపెట్టాను.

విషయం ఏంటంటే, మొన్నామధ్య మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడూ నాలాగే సాఫ్ట్‌వేరే, రాయదుర్గంలో ఆఫీసు, కూకట్‌పల్లిలో ఇల్లు. వాళ్ళావిడకి రెండో కాన్పు, వచ్చే నెల డేట్ ఇచ్చారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక "ఈసారి కూడా సిజేరియనే అంటున్నారన్నయ్యా. ఎలాగూ పొట్ట కోస్తారు కదా, పనిలో పనిగా ఆపరేషన్ కూడా చేయించేయమంటోంది అమ్మ" అన్నాడు.

"ఎవరికి?" అన్నాను.

"ఎవరికేంటి అన్నయ్యా?" అన్నాడు. నేనడిగిన ప్రశ్న వాడికి నిజంగానే అర్థం కాలేదు.

వాడిననడానికి నాకు హక్కు లేదు లెండి. ఆరేళ్ళ కిందట నాక్కూడా ఆ ప్రశ్న తట్టలేదు. మా రెండోవాడు పుట్టే రోజు, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, థియేటర్లోకి తీసుకెళ్ళే పావుగంట ముందు ఒక జూనియర్ డాక్టరు కాగితం పట్టుకుని వచ్చింది. "ట్యూబెక్టమీ కూడా చేసేద్దామా సర్?" అంది. సర్ అంటే నేను. ఆపరేషన్ మా ఆవిడకి, ప్రశ్న నాకు! నేను నోరు తెరిచేలోపే మా అమ్మ, మా అత్తగారు ఇద్దరూ ఒకేసారి "చేసేయండమ్మా" అన్నారు. మా ఆవిడ నొప్పుల్లో ఉంది, తలూపింది. ఆవిడ ఒక సంతకం, నేనొకటి. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో.

అదే ఏడాది మేం కారు కొన్నాం. దానికి నేను చేసిన ఎక్సెల్ షీటు ఇప్పటికీ ఉంది. పదకొండు మోడళ్ళు, మైలేజీ, సర్వీసు ఖర్చు, రీసేల్ విలువ... మూడు నెలలు చర్చించాం, నాలుగు టెస్ట్ డ్రైవులు చేశాం. జీవితాంతం వెనక్కి తీసుకోలేని నిర్ణయానికి మాత్రం రెండు నిమిషాలు. తర్వాతెప్పుడో మా ఆవిడ మామూలుగానే అంది, "చేయించుకున్నందుకు బాధేం లేదు. నన్ను కూర్చోబెట్టి ఒక్కసారైనా అడిగుంటే బావుండేది" అని. కేంద్ర ఆరోగ్యశాఖ నిబంధనల ప్రకారం ఈ ఆపరేషన్‌కి భర్త అనుమతి అవసరమే లేదని ఈమధ్యే తెలిసింది. అడగాల్సిన ఒకే ఒక్క మనిషిని అడగకుండా మిగతా అందర్నీ అడిగారన్నమాట.

సరే, ఇది మా ఇంటి కథే అనుకుంటే పొరపాటు. లెక్కలు చూడండి.

2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య పెళ్ళైన ఆడవాళ్ళలో ఏదో ఒక గర్భనిరోధక పద్ధతి వాడుతున్నవాళ్ళు 71 శాతం. అందులో 69.6 శాతం ఆడవాళ్ళ ఆపరేషనే. అంటే ఏదో ఒకటి వాడుతున్న ప్రతి వందమందిలో సుమారు 98 మందికి అదొక్కటే పద్ధతి! కండోమ్, మాత్రలు, కాపర్-టీ, మగవాళ్ళ ఆపరేషన్, అన్నీ కలిపినా మిగిలిన రెండు శాతంలోనే సర్దుకోవాలి. తెలంగాణలో ఆడవాళ్ళ ఆపరేషన్ దాదాపు 62 శాతం. దేశం మొత్తం సగటు 37.9. దేశమంతటా మగవాళ్ళ ఆపరేషన్ 0.3 శాతం.

మన ఉద్యోగాల భాషలో చెప్పాలంటే, డాష్‌బోర్డు మీద అంతా పచ్చగానే కనిపిస్తుంది. వాడకం బాగుంది, జననాల రేటు ఆంధ్రాలో 1.7, తెలంగాణలో 1.8, అవసరమై కూడా ఏ పద్ధతీ అందనివాళ్ళు తక్కువ. పై అధికారికి చూపించడానికి ఇంతకంటే మంచి స్లయిడు దొరకదు. కానీ లోపలికెళ్ళి చూస్తే ఉన్నది ఒకే ఒక్క ఆప్షను, అదీ డిఫాల్టుగా టిక్కు పెట్టేసి.

"తెలియకపోవడం వల్ల కదా" అంటారేమో. పేర్లు తెలుసండీ. ఏదో ఒక పద్ధతి పేరైనా విన్నవాళ్ళు దేశంలో 99 శాతం పైనే. పేరు తెలియడానికీ వాడుకోవడం తెలియడానికీ మధ్య ఎంత దూరముందో మన ఐటీ కారిడార్లోనే చూడొచ్చు.

మా ఆవిడ టెస్టింగ్‌లో ఉంది. వాళ్ళ టీములో ఒకమ్మాయికి పెళ్ళై ఎనిమిది నెలలు. ఇంజనీరింగ్ చదివింది, మంచి జీతం, అత్తమామలతో కలిసి ఉంటోంది. రెండేళ్ళదాకా పిల్లలొద్దనుకున్నారు. దానికోసం ఆ అమ్మాయి చేసిందేంటంటే, అవసరమైనప్పుడల్లా అత్యవసర మాత్ర వేసుకోవడం. రెండు నెలల్లో నాలుగుసార్లు. నెలసరి గతి తప్పి కంగారు పడితే అప్పుడు మా ఆవిడతో చెప్పుకుంది. "రోజూ వేసుకునే మాత్రలు వాడొచ్చు కదా" అంటే, "ఇంట్లో షీటు కనిపిస్తే అత్తయ్య అడుగుతారక్కా. అయినా పిల్లలు పుట్టకముందు అవి వాడితే ఇంక పుట్టరట కదా" అందట. మరి వాళ్ళాయన? ఆయనకి కండోమ్ ఇష్టం లేదు. అంతే, అక్కడితో ఆయన పాత్ర అయిపోయింది. ఈ అమ్మాయి పొద్దున రిగ్రెషన్ సూట్ మొత్తం ఒంటిచేత్తో నడిపిస్తుంది. తన ఒంటి విషయానికొచ్చేసరికి టీవీలో చూసిన ముప్ఫై సెకన్ల ప్రకటనే ఆధారం.

ఆ మాత్ర మన దేశంలో 2005 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది. 2007లో ఐ-పిల్ వచ్చాక ఊరూరా తెలిసింది. మంచిదే, కండోమ్ చిరిగినప్పుడో, బలవంతం జరిగినప్పుడో అది పెద్ద ఆసరా. కానీ దాన్ని రోజువారీ పద్ధతిగా తయారుచెయ్యలేదు. మాలా-డి లాంటి రోజువారీ మాత్రలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములుంటే, అత్యవసర మాత్రలో అదే మందు 1.5 మిల్లీగ్రాములు. పది రెట్లు. 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. అది అబార్షన్ మాత్ర కాదు, అప్పటికే గర్భం నిలిస్తే పని చెయ్యదు. మాటిమాటికీ వాడితే ప్రాణం మీదకి రాదుగానీ నెలసరి గతి తప్పుతుంది, పైగా రోజువారీ పద్ధతులంత నమ్మకమూ కాదు.

ఇక "పిల్లలు పుట్టకముందు వాడితే ఇంక పుట్టరు" అన్నది మనవాళ్ళ ఇళ్ళల్లో ఎంత పాతుకుపోయిందో చెప్పలేను. రోజువారీ మాత్రలు మానేస్తే గర్భం వచ్చే అవకాశం మళ్ళీ మామూలుగానే వచ్చేస్తుంది. కాపర్-టీలో హార్మోన్లే ఉండవు, 380ఎ రకం పదేళ్ళు పనిచేస్తుంది, పిల్లలు పుట్టనివాళ్ళు కూడా పెట్టించుకోవచ్చు, వద్దనుకున్నరోజు తీయించుకోవచ్చు. మూడు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ప్రభుత్వం 'అంతర' పేరుతో ఉచితంగా ఇస్తోంది. అది మానేశాక మాత్రం గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. హార్మోన్లు లేని సహేలీ మాత్ర మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది, 1991 నుంచి బజార్లో ఉంది. దాన్నే ప్రభుత్వం 'ఛాయ' పేరుతో ఇస్తోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి. మన దేశం కనిపెట్టిన ఈ మాత్ర పేరు మా టీములో ఎవరికీ తెలియదు, నాక్కూడా ఈ టపా కోసం చదివేదాకా తెలియదు. (బీపీ, మైగ్రేన్, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు మాత్రల విషయంలో డాక్టర్నడిగి తీరాలి. నేను కోడు రాసుకునేవాణ్ణి, డాక్టర్ని కాదు.)

ఇథియోపియా లాంటి దేశాల గురించి మనం జాలిగా మాట్లాడుకుంటాం కదా. అక్కడ అన్నిటికంటే ఎక్కువగా వాడేది మూడు నెలల ఇంజెక్షను, అంటే కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం ఉంచుకునే పద్ధతి. అంత దూరం ఎందుకు, బెంగాల్లో చూడండి, పెళ్ళైన ఆడవాళ్ళలో సుమారు 20 శాతం మాత్రలు వాడతారు. అదే దేశం, అదే ప్రభుత్వ పథకం. మనదగ్గరే ఎందుకిలా?

దీని వెనక కొంత చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అందులో 60 లక్షలకి పైగా మగవాళ్ళవే. బలవంతంగా, టార్గెట్లు పెట్టి, బెదిరించి చేశారు. 1977 ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి వెళ్ళే సాహసం చెయ్యలేదు. టార్గెట్లు మాత్రం పోలేదు, ఆడవాళ్ళ మీదకి మళ్ళాయి. ఓటు పోతుందన్న భయం మగవాళ్ళ విషయంలోనే ఎందుకుండాలి? ఆడవాళ్ళు కోపం తెచ్చుకోరని ధైర్యం, అంతే.

మన రాష్ట్రం ఆ దారిలో అందరికంటే ముందు పరిగెత్తింది. 1997లో జనాభా విధానం ప్రకటించారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడే అర్హత ఉండదని అప్పటికే చట్టం ఉంది. గోడలనిండా నినాదాలు. ఫలితం కనిపించింది, 2005-06 నాటికే జననాల రేటు 1.8కి దిగింది. ఇప్పుడు అదే ఆంధ్రప్రదేశ్ 2024 నవంబర్లో ఆ నిబంధన ఎత్తేసింది, ఎక్కువమందిని కనండి అని నాయకులే చెప్తున్నారు. అప్పుడు 'ఆపండి' అన్నారు, ఇప్పుడు 'కనండి' అంటున్నారు. అప్పుడైనా ఇప్పుడైనా కనే మనిషిని అడిగినవాళ్ళు లేరు.

ఇంకో సంగతి. ఈ పద్ధతిలో ఎడం అన్న మాటే లేదు. తొందరగా పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. అంతే వరుస. ఆంధ్రాలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళైందని అదే సర్వే చెప్తోంది. మా అపార్ట్‌మెంటులో పనిచేసే ఒకావిడది పాలమూరు వైపు. ఇరవై మూడేళ్ళకి ఆపరేషన్ అయింది. "కాన్పు మీద కాన్పయింది సార్, పానం బాగలేకుండె. మద్దెల ఆపుకోవచ్చని ఎవ్వలు జెప్పలే" అంది మా ఆవిడతో మాట్లాడుతుంటే. మా ఇంట్లో జరిగింది కార్పొరేట్ ఆసుపత్రిలో, ఆవిడకి జరిగింది క్యాంపులో. బిల్లులో తేడా తప్ప, అడగకపోవడంలో తేడా ఏం లేదు.

కానీ ప్రమాదంలో చాలా తేడా ఉంది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకి ల్యాప్రోస్కోపీ పద్ధతిలో ఈ ఆపరేషన్లు చేశారు. తర్వాత కొన్నిరోజుల్లోనే వాళ్ళలో నలుగురు చనిపోయారు. ఇబ్రహీంపట్నం ఎక్కడో లేదండీ. మన మాదాపూర్, గచ్చిబౌలి ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే ఉంది. ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే గంట ప్రయాణం. 2014 నవంబర్లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో 83 మందికి చేస్తే పదిమందికి పైగా పోయారు. ఆ తర్వాత 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపుల పద్ధతిని మూడేళ్ళలో ఆపేయమంది. ఇబ్రహీంపట్నం ఆరేళ్ళ తర్వాత జరిగింది. ఆ వారం మా ఆఫీసు క్యాంటీన్లో ఆ వార్త టీవీలో వస్తూనే ఉంది. "అయ్యో పాపం" అనుకుని టీ తాగి లేచాం. ఆ నలుగురి భర్తల్లో ఒక్కరైనా తానే చేయించుకుని ఉంటే ఆ ఇంటి తల్లి బతికి ఉండేది కదా అని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు, నిజమే కూడా. "ఆపరేషన్‌లో తప్పేముంది? ఒకసారి చేయించుకుంటే జీవితాంతం బెంగ లేదు. ఎంతోమంది ఆడవాళ్ళు ఇష్టపడే చేయించుకుంటారు" అని. ఒప్పుకుంటాను. మా అమ్మమ్మకి తొమ్మిది కాన్పులు, మా అమ్మకి రెండు. ఆ మధ్యలో ఈ ఆపరేషనే ఉంది. ఎంతోమంది ఆడవాళ్ళ ఆరోగ్యాన్ని అది కాపాడింది. నేనంటున్నది ఆపరేషన్ వద్దని కాదు. నాలుగు దారులు చూపించి, అందులో ఇది ఎంచుకుంటే అది ఆవిడ ఇష్టం. ఒకే దారి పెట్టి 'ఇష్టపడే వచ్చింది' అంటే ఎలా? పైగా శాశ్వతంగా ఆపాలనే ఇద్దరూ అనుకున్నప్పుడు, ఆ కోత ఆవిడ ఒంటిమీదే ఎందుకు పడాలి?

మగవాళ్ళ ఆపరేషన్ సంగతి చూద్దాం. కోత, కుట్టు లేని వేసెక్టమీకి పట్టేది పావుగంట, ఇరవై నిమిషాలు. పొట్ట తెరవక్కర్లేదు, మత్తు ఆ చోటికి మాత్రమే ఇస్తారు, అదేరోజు ఇంటికి రావచ్చు. రెండురోజులు విశ్రాంతి, ఒక వారం బరువులెత్తకూడదు. ఒకటే జాగ్రత్త, ఇది వెంటనే పనిచెయ్యదు. మూడు నెలలు వేరే పద్ధతి వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే నమ్మాలి. మగతనం పోదు, హార్మోన్లు మారవు, బలం తగ్గదు. ఆడవాళ్ళ ఆపరేషన్‌కంటే తేలిక, ప్రమాదం తక్కువ. బ్రిటన్, కెనడాల్లో ఆడవాళ్ళకంటే మగవాళ్ళే ఎక్కువ చేయించుకుంటారు. మనం ఆన్‌సైట్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి చాక్లెట్లు, పెర్ఫ్యూములు తెచ్చాం కానీ ఇది మాత్రం తేలేదు :)

విదేశాలదాకా ఎందుకు, కరీంనగర్ వైపు ఒకప్పుడు మిగతా రాష్ట్రంకంటే మగవాళ్ళ ఆపరేషన్లు ఎక్కువగా జరిగేవి. మా టీములో కరీంనగర్ కుర్రాడొకడున్నాడు. ఈ మాటొస్తే "గిదేముందన్నా, మా బాపే చేయించుకున్నడు. మూడొద్దులకు పొలం బోయిండు" అన్నాడు. చుట్టూ ఉన్న మేమంతా, లక్షల జీతాలవాళ్ళం, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అయిదో సర్వేలోనే దేశంలో 35 శాతం మగవాళ్ళు 'గర్భనిరోధకం ఆడవాళ్ళ వ్యవహారం, మగవాడు పట్టించుకోనక్కర్లేదు' అన్నారు. ఆ 35 శాతంలో చదువులేనివాళ్ళే ఉంటారనుకునేవాణ్ణి. మా టీములో ఉన్నది పదకొండుమందిమి మగవాళ్ళం, పెళ్ళై ఇద్దరేసి పిల్లలున్నవాళ్ళం ఆరుగురం. ఎవరూ చేయించుకోలేదు, ఎవరూ ఆ ఆలోచన కూడా చెయ్యలేదు.

తెలంగాణలో దాదాపు 61 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి మా తమ్ముడు అన్న ఆ 'పనిలో పని' ఈ ఊళ్ళో రోజూ ఎన్ని థియేటర్ల బయట జరుగుతోందో ఊహించుకోండి. ఆ కాగితం తొమ్మిదో నెలలో, నొప్పుల మధ్య రాకూడదు. అయిదో నెల చెకప్‌లోనే ఇద్దర్నీ కూర్చోబెట్టి అన్ని పద్ధతులూ చెప్పాలి. డాక్టరు చెప్పకపోతే మనమే అడగాలి. అన్నిటినీ గూగుల్ చేసే జాతి కదా మనది, దీన్నెందుకు వదిలేశాం?

నా మట్టుకు నాకు ఇప్పుడు చేయగలిగింది పెద్దగా లేదు. మా ఆవిడకి ఆపరేషన్ అయిపోయింది. అందుకే తమ్ముడికి ఆ రోజు సూటిగానే చెప్పాను. "ముందు మరదలిని అడుగు. అమ్మ లేనప్పుడు, తీరుబడిగా అడుగు. ఇంక పిల్లలు వద్దే వద్దని తను కూడా అంటే, నువ్వు చేయించుకో. నీ కాన్పేం కాదుగా, తొందర కూడా లేదు. ఇంకా తేల్చుకోలేకపోతే కాపర్-టీ ఉంది" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. కాల్ కట్టయిందేమో అనుకున్నాను.

"సరే అన్నయ్యా, తనని అడుగుతా. నా సంగతి... ఆలోచిస్తా. అమ్మతో మాత్రం అనకు" అన్నాడు.

అమ్మతో అననన్నాను, అనలేదు కూడా. రాశాను, అంతే. అమ్మా, నువ్వు ఇక్కడిదాకా చదివుంటే వాడినేం అనకు. మరదలినే ఒకసారి అడుగు, నీకెలా కావాలమ్మా అని.